నార్వే కార్మికులూ కంప్యూటరుపై హక్కూ

పనిచోటుకు వచ్చే కంప్యూటర్ ఎలా ఉండాలో నిర్ణయించడంలో అక్కడ పనిచేసేవారికీ పాత్ర ఉండాలన్న వాదం నార్వేలో 1970ల తొలినాళ్లలో, ఇనుము, లోహ కార్మికుల సంఘంలో రూపుదిద్దుకుంది. ఆ వాదాన్ని ముందుకు నడిపిన క్రిస్టెన్ నీగార్డ్ (1926–2002) స్వయంగా కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కావడం ఈ చరిత్రలో అన్నిటికంటే గమనించదగినది. ఓస్లోలోని నార్వే గణన కేంద్రంలో ఆయన, ఓలె యోహాన్ డాల్ కలిసి 1960లలో సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. యూనివాక్ 1107 అనే భారీ యంత్రంపై మొదట నడిచిన ఆ భాష సిమ్యులేషన్‌కు, అంటే ఫ్యాక్టరీలోనో రేవులోనో జరిగే పనిని లెక్కల రూపంలో యంత్రంలో నడిపి చూడటానికి ఉద్దేశించినది. నేటి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జావాలో రోజూ వాడే 'క్లాస్', 'ఆబ్జెక్ట్' అన్న భావనలకు మూలం సిమ్యులాలోనే ఉంది.

అయితే పనిని అలా లెక్కగట్టి చూసేది యాజమాన్యమే గనుక, ఎవరు ఏ పని ఎంత వేగంగా చేయాలో తేల్చే అధికారమూ దాని చేతికే మరింతగా చేరుతుందని నీగార్డ్ గ్రహించారు. ఆయన, సహచరులు లోహ కార్మికుల సంఘంతో కలిసి చేపట్టిన అధ్యయనం మొదట్లో నిపుణులు పరిశీలించి నివేదిక రాసే మామూలు పద్ధతిలోనే సాగింది. నివేదిక చేతికందినంత మాత్రాన కార్మికుల బలం పెరగదని తేలాక, స్థానిక సంఘశాఖ తానే పూనుకుని చేసే పనినే ఫలితంగా లెక్కించాలని నిర్ణయించారు. కార్మికుల కోసం పాఠ్యపుస్తకం రాశారు. శాఖలు తమ ఫ్యాక్టరీల్లోని ప్రణాళికా వ్యవస్థలను తామే పరిశీలించి తమ కోరికలు రాసుకున్నాయి.

1975లో కార్మిక సమాఖ్యకూ యజమానుల సంఘానికీ మధ్య దేశవ్యాప్త ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కంప్యూటర్ వ్యవస్థల గురించి కార్మిక ప్రతినిధులకు తెలియజేయాలి, ఆ సమాచారం నిపుణులు కానివారికి కూడా అర్థమయ్యే భాషలో ఉండాలి, ఈ వ్యవహారాలు చూసేందుకు కార్మికులు తమలోంచి ఒక 'డేటా ప్రతినిధి'ని ఎన్నుకోవచ్చు. అర్థమయ్యే భాష అన్న షరతు చిన్నదిగా కనిపించినా తక్కిన హక్కులన్నీ దాని మీదే ఆధారపడతాయి. అర్థంకాని కాగితం చేతిలో పెట్టి సంప్రదించామనిపించుకోవడం ఏ యాజమాన్యానికైనా సులువు. నీగార్డ్‌కు ఇదంతా ప్రజాస్వామ్య రాజకీయంలో భాగమే. నార్వే ఐరోపా సమాఖ్యలో చేరరాదన్న ఉద్యమానికి ఆయన 1990ల తొలి భాగంలో నాయకత్వం వహించగా, 1994 జనాభిప్రాయ సేకరణలో ఆ పక్షమే 52.2 శాతం ఓట్లతో నెగ్గింది.

కంప్యూటర్ వ్యవస్థల విషయంలో కార్మికులే పూనుకునే ఈ ఒరవడి స్వీడన్, డెన్మార్క్‌లకూ పాకింది. ముద్రణ కార్మికుల సంఘాలతో 1981–85 మధ్య సాగిన యుటోపియా ప్రాజెక్టులో, పత్రిక పేజీలు కట్టే కార్మికులు ఇంకా చేతికి రాని యంత్రాల నమూనాలను ప్లైవుడ్‌తో, అట్టపెట్టెలతో చేసుకుని, తెరకు బదులు కాగితాలు మారుస్తూ పేజీ కట్టి చూశారు. ఒక ఖాళీ అట్టపెట్టె మీద లేజర్ ప్రింటర్ అని రాసి పెట్టారు. యంత్రం గురించి ముందేమీ తెలియని కార్మికుడు కూడా ఆ అట్టపెట్టెను జరిపి, ఇది ఇక్కడుంటే నా పని సాగదని చెప్పగలిగాడు. ఆ ప్రాజెక్టు ముగిసిన 1985లోనే అమెరికాలో పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ విడుదలైంది. తర్వాతి కాలంలో తెలుగు డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) గదులకు చేరినది అదే, దాని రూపకల్పనలో మాత్రం తెలుగు కంపోజిటర్ల మాటకు చోటు లేదు.