మిక్సర్ తరువాతి స్టేజి

ఇంట్లో రిసీవర్ కట్టుకునేవారికి మిక్సర్, అంటే రెండు ఫ్రీక్వెన్సీలను కలిపి కొత్తవి పుట్టించే సర్క్యూట్, చేయడం కష్టం కాదు. నాలుగు డయోడ్లు, రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చాలు. దాన్ని తరువాతి స్టేజికి ఎలా కలపాలన్నదే అసలు చిక్కు. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

1918లో పారిస్‌లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సూపర్‌హెటరోడైన్ పద్ధతిని రూపొందించినప్పుడు ఈ చిక్కు లేదు. వాల్వు గ్రిడ్డు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి దానికి వోల్టేజి అందితే చాలు, పవర్ ఎంత చేరిందన్న లెక్క అక్కర్లేదు. 1933లో పెంటాగ్రిడ్ వాల్వులు వచ్చాక మిక్సర్, ఆసిలేటర్ ఒకే గాజుబుడ్డిలో ఇమిడిపోయాయి. ప్లేటు దగ్గర ట్యూన్ చేసిన ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఎంపిక, కలపడం రెండూ ఒకేసారి జరిగిపోయేవి. ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ మాత్రం వెయ్యి ఓముల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే ట్రాన్సిస్టర్ రేడియోల ఐఎఫ్ కాయిల్‌కు మధ్యలో ట్యాపింగ్, సెకండరీకి కొద్ది చుట్లు వచ్చాయి. ఇంపెడెన్స్ మ్యాచింగ్ అంటే పవర్ వృథా కాకుండా చూడడమేనని అప్పటి అవగాహన. అందులో తప్పేమీ లేదు గానీ, అది సగం సంగతే.

మిగతా సగాన్ని బయటపెట్టింది మొదట చెప్పిన నాలుగు డయోడ్ల మిక్సర్, అంటే డయోడ్ రింగ్. టెలిఫోన్ క్యారియర్ వ్యవస్థల కోసం ఫ్రాంక్ కోవన్ 1930లలోనే ఆ సర్క్యూట్‌కు పేటెంట్ పొందాడు. షాట్కీ డయోడ్లు, ఫెరైట్ కోర్లు అందుబాటులోకి వచ్చాక అది హామ్‌ల (అమెచ్యూర్ రేడియోవారి) బల్లల మీదికి చేరింది. మినీ సర్క్యూట్స్ కంపెనీ ఎస్‌బీఎల్-1 లాంటి రెడీమేడ్ మిక్సర్లు అమ్మింది. ఇలాంటి మిక్సర్‌కు లోకల్ ఆసిలేటర్ నుంచి 5 మిల్లీవాట్లు ఇస్తే చాలు, బలమైన సిగ్నళ్లను తట్టుకుంటుంది. వచ్చిన పవర్‌లో దాదాపు పావు వంతే బయటికిస్తుంది. ప్రతి ద్వారం దగ్గరా 50 ఓములు చూడాలని కోరుతుంది.

ఈ 50 ఓములు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర? అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా. 14 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను 5 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌తో కలిపితే మనకు కావలసిన 9తో పాటు 19 కూడా పుడుతుంది. 9 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్ ఆ 19ని దాటనివ్వదు, అలాగని మింగేయదు కూడా. తూము మూసిన కాలువలో అల వెనక్కి మళ్లినట్లు అది మిక్సర్‌లోకే తిరిగొచ్చి, డయోడ్లలో మళ్లీ కలుస్తుంది. దాంతో ఇంటర్‌మాడ్యులేషన్ పెరిగి, పక్కనున్న రెండు బలమైన స్టేషన్ల వల్ల లేని స్టేషన్ వినిపిస్తుంది. అంటే అక్కర్లేని శక్తిని ఎక్కడ కరిగించాలన్నది కూడా మ్యాచింగ్‌లో భాగమే. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు ఇదే.

దీన్ని ఇంట్లో కట్టుకునేవారికి అర్థమయ్యేలా చెప్పినవారిలో వెస్ హేవర్డ్‌ది ప్రముఖ స్థానం. 1977లో డగ్ డెమాతో కలిసి రాసిన పుస్తకం, 1981లో జాన్ లాసన్‌తో కలిసి క్యూఎస్‌టీ పత్రికలో ప్రచురించిన రిసీవర్ ఒక తరానికి దారి చూపాయి. మిక్సర్ వెంటనే డిప్లెక్సర్ పెట్టాలి. ఐఎఫ్‌ను అది ముందుకు పంపుతుంది, దూరంగా ఉన్నవాటిని 50 ఓముల రెసిస్టర్‌లోకి మళ్లిస్తుంది. అయితే ఫిల్టర్ అంచుకు ఆనుకుని ఉన్న సిగ్నళ్లను డిప్లెక్సర్ వేరు చేయలేదు. వాటి దగ్గరా మిక్సర్‌కు 50 ఓములే కనిపించాలంటే పదుల మిల్లీయాంపియర్లు తాగే ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ కావాలి. ఫీడ్‌బ్యాక్ వల్ల అవుట్‌పుట్ వైపు లోడు మారితే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కూడా మారుతుంది. అందుకని యాంప్లిఫయర్‌కూ ఫిల్టర్‌కూ మధ్య 6 డెసిబెల్స్ ప్యాడ్, అంటే సిగ్నల్‌ను తగ్గించే రెసిస్టర్ల అమరిక, పెట్టారు. ఫిల్టర్ మొత్తం తిప్పికొట్టినా యాంప్లిఫయర్‌కు తిరిగొచ్చేది 12 డెసిబెల్స్ తగ్గే వస్తుంది. కష్టపడి సంపాదించిన గెయిన్‌ను రెసిస్టర్లలో పోగొట్టడానికి మనసొప్పదు. కానీ మిక్సర్ ప్రశాంతంగా పనిచేయాలంటే ఆ ధర చెల్లించాల్సిందే. 1992లో రిక్ క్యాంప్‌బెల్ డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్‌కూ ఇదే క్రమశిక్షణ నేర్పాడు.

ఇదే కాలంలో ఎన్‌ఈ602 మిక్సర్ చిప్ ఇంకో దారి చూపింది. దాని ఇన్‌పుట్ 1,500 ఓములు. 50 ఓముల యాంటెన్నాకు చుట్ల నిష్పత్తి 1:5.5 పెడితే సరిపోతుంది. తేలిక పనే గానీ, బలమైన సిగ్నళ్ల ముందు అది నిలబడదు.

హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ 2000ల తొలినాళ్లలో బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ తయారుచేశారు. ఖరీదైన విదేశీ కోర్ల కోసం ఎదురుచూడకుండా కుళాయి వాషర్ల మీద కాయిల్స్, టీవీ బేలన్ కోర్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టుకోవచ్చు. స్టేజీల మధ్య యాంప్లిఫయర్లు రెండు దిశల్లోనూ పనిచేస్తాయి. వాటి గెయిన్‌నూ ఇంపెడెన్స్‌నూ ప్రధానంగా రెసిస్టర్లే నిర్ణయిస్తాయి కాబట్టి ఏ ట్రాన్సిస్టర్ దొరికినా పెద్ద తేడా రాదు. విడిభాగాల కొరత ఉన్నచోట ఇంతకన్నా తెలివైన పరిష్కారం నాకు తోచదు. 2009లో హేవర్డ్, బాబ్ కోప్‌స్కీ ఇలాంటి రెండు దిశల ట్రాన్స్‌సీవర్ల కోసమే, లోడు మారినా ఇన్‌పుట్ చెక్కుచెదరని యాంప్లిఫయర్‌ను ప్రచురించారు.

ఇవన్నీ కుదిరాయో లేదో కొలిచే సాధనం మాత్రం చాలాకాలం సామాన్యుడికి అందలేదు. రిటర్న్ లాస్ బ్రిడ్జి ఒక్కటే దిక్కు. 2019 ప్రాంతంలో ఇంపెడెన్స్‌ను కొలిచే నానోవీఎన్‌ఏ అనే చిన్న సాధనం అరచేతిలోకి వచ్చింది. యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు దాన్ని తగిలించి, అవతల ఫిల్టర్‌ను నేరుగా కలిపి చూస్తే ఫిల్టర్ అంచుల దగ్గర గీత వంకర తిరుగుతుంది. మధ్యలో 6 డెసిబెల్స్ ప్యాడ్ పెట్టగానే ఆ వంకర చాలావరకు సర్దుకుంటుంది.