మన బొమ్మలకు తేమే శత్రువు

1940వ దశకంలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మన మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. ఆయన తీసిన ఫొటోలు నేడు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. మన తాతముత్తాతల రూపాలను వాటిలో చూడగలుగుతున్నాం.

అవి ఫిల్ము కెమెరాల రోజులు. తేమ తగిలితే ఫిల్ముకూ లెన్సుకూ బూజు పట్టేది. అందుకే ఉష్ణ దేశాల్లో ఫొటోగ్రాఫర్లు ఫిల్మును గాలి చొరబడని డబ్బాల్లో దాచేవారు. తేమ పీల్చడానికి బాగా వేయించిన బియ్యాన్ని పొట్లం కట్టి అందులో పెట్టడం ఒక పద్ధతి. తర్వాత సిలికా జెల్ వాడకం పెరిగింది.

ఫిల్ము పోయినా తేమ బాధ పోలేదు. వానలో తీసేటప్పుడు కెమెరాకు ప్లాస్టిక్ కవరు తొడిగి, లెన్సు ముందుభాగం మాత్రమే బయట ఉంచండి. చినుకులను పొడి గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. వానలో లెన్సు మార్చవద్దు. ఇంటికి రాగానే బ్యాటరీ, కార్డు తీసి కెమెరాను ఆరనివ్వండి. ఆరాక సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో పెట్టండి. ఫొటోలను ఆ రాత్రే మరోచోట కాపీ చేయండి.

ఆనాడు మన బొమ్మలు తీసింది బయటివారు. నేడు కెమెరా మన యువత చేతిలో ఉంది. పాత కథలు, పాటలు తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వాన వస్తోందని వారి దగ్గరకు వెళ్లడం వాయిదా వేయకండి.