నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

హార్డ్ డిస్కుని ఎలా బిగించినా పరవాలేదంటారు ఇవాళ. నిజమే. ఒకప్పుడు అలా కాదు. 1956 నాటి ఐబీఎం రామాక్‌లో 24 అంగుళాల పళ్ళేలు 50, నిలువు ఇరుసుకి దొంతరగా ఉండేవి. దాన్ని పక్కకి తిప్పాలన్న ఆలోచన ఎవరికొస్తుంది! చిక్కంతా డిస్కు చిన్నదై బల్ల మీదికొచ్చాక మొదలైంది. 1980లో వచ్చిన సీగేట్ ఎస్‌టీ-506 లాంటి వాటిలో స్టెపర్ మోటారు అడుగులు లెక్కపెట్టి హెడ్‌ని జరిపేది. ట్రాక్ సరిగ్గా అక్కడే ఉందో లేదో చూసుకునే ఏర్పాటు లేదు. డిస్కుని పక్కకి తిప్పితే, దాని బరువుకే హెడ్ వెంట్రుకవాసి తప్పుకునేది. అందుకే ఎలా పెట్టి వాడతారో అలాగే పెట్టి ఫార్మాట్ చెయ్యమనేవారు.

నేను వినలేదు. బల్ల మీద చోటు చాలక పెట్టెని నిలబెట్టాను. నాన్న ఉత్తరాలు టైపు చేసి దాచుకున్న ఫైళ్ళు సగం తెరుచుకోలేదు. మళ్ళీ పడుకోబెడితే కొన్ని తిరిగొచ్చాయి. అన్నీ కాదు.

తర్వాత వాయిస్ కాయిల్ వచ్చింది. పళ్ళెం మీది సర్వో గుర్తులు చూసుకుంటూ హెడ్ తనే సర్దుకోవడంతో ఆ బెడద తీరింది. ఇక మిగిలింది వేడి భయం. చెప్పొద్దూ, డిస్కు ముందు నేనూ ఒక ఫ్యాన్ బిగించాను. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకి పైగా డిస్కుల లెక్కలు తీస్తే, చల్లగా ఉన్నవే ఎక్కువ చెడిపోయినట్టు తేలింది. వేడి దెబ్బ కనిపించింది బాగా వేడెక్కిన వాటిలోనూ, మూడేళ్ళు దాటిన వాటిలోనూ. నా ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంది.