యుద్ధం పోయినా కంట్రోలు పోలేదు

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. మనందరికీ తెలిసిన ఒక్క మాటను గురించి వ్రాస్తున్నాను. ఆ మాట 'కంట్రోలు'. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో మన పెద్దలు రేషన్ దుకాణాన్ని కంట్రోలు షాపు అనేవారు గదా! అది రెండవ ప్రపంచ యుద్ధం తెచ్చిన మాట.

అప్పుడు మన తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 1942లో జపాను బర్మాను ఆక్రమించటంతో అక్కడి బియ్యం, కిరసనాయిలు ఆగిపోయాయి. 1943లో గుడ్డకూ కంట్రోలు వచ్చింది. లోహం ఆదా కోసం ఆ ఏడే నడుమ చిల్లున్న కానీ వచ్చింది. మన మెట్టప్రాంతం జొన్న, సజ్జ, కొర్ర తిని బ్రతికేది గనుక బియ్యం లేకున్నా గడిచింది. దీపానికి నూనె, ఒంటికి గుడ్డ లేక గడవలేదు.

మా నాన్నగారు ఆ రోజుల్లో ఒక కచేరీలో గుమాస్తా. కాగితం కొరత వల్ల పాత కాగితాల వెనుక వ్రాసేవారట. "కాగితానికి కరువొచ్చింది గానీ మన మార్కాపురం పలకకు రాలేదురా" అని నవ్వేవారు.

అంత సంపన్నమైన అమెరికాలోనూ కూపన్లు తప్పలేదు. 1942 ఫిబ్రవరిలో అక్కడ మామూలు కార్ల తయారీ ఆపించి, ఆ ఫ్యాక్టరీలను యుద్ధ సామగ్రికి మళ్లించారు. చక్కెర, కాఫీ, మాంసం, పెట్రోలు అన్నీ లెక్క ప్రకారమే. అయితే యుద్ధం ముగింపుకు రాగానే వ్యాపారం చకచకా మళ్లింది. 1945 జూలైలోనే ఫోర్డు కంపెనీ మళ్లీ మామూలు కారు తయారు చేసింది. ఆగస్టులో జపాను లొంగటంతోనే పెట్రోలు కూపన్లు పోయాయి. 1946లో సమ్మెలు జరిగాయి, ధరలు పెరిగాయి, చక్కెర కంట్రోలు 1947 దాకా సాగింది. అయినా యుద్ధకాలంలో దాచుకున్న జీతాలతో జనం కార్లు, ఫ్రిజ్‌లు కొనుక్కున్నారు.

మనకు దాచుకున్నదీ లేదు, కొనటానికి సరుకూ లేదు. 1946 జనవరిలో 500, 1000, 10000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు, "వాటి ముఖం చూసుంటే గదా బాధపడటానికి" అన్నారట నాన్నగారు. గాంధీగారు గట్టిగా చెప్పటంతో 1947 చివర కంట్రోళ్లు సడలించారు. ధరలు మండిపోగా 1948లో మళ్లీ పెట్టారు. చివరకు 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీగారు ఆహారధాన్యాల కంట్రోలు ఎత్తివేశారు. మన వంటింట్లో యుద్ధం ముగియటానికి మరో ఏడేళ్లు పట్టిందన్న మాట.

నాకు ఉద్యోగం వచ్చిన రోజున నాన్నగారు ఒక సంగతి చెప్పారు. 1946లో ఒక ముసలామె కిరసనాయిలు పర్మిట్టు కోసం వచ్చిందట. కార్డు చనిపోయిన భర్త పేరు మీద ఉంది. పేరు మార్పించుకొని రమ్మని పంపేశారు. ఆ రాత్రి ఆమె కోడలు చీకట్లోనే ప్రసవించింది. తల్లీబిడ్డా క్షేమమే. "నేను రూలు తప్పలేదురా. అయినా ఆమె ఎందుకు తొందరపడుతున్నదో ఒక్క మాట అడగలేదు" అన్నారు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు కార్డుల పని నా బల్ల మీదికీ వచ్చింది. పేరు తప్పుపడిన ముసలివాళ్లు వస్తే ముందు కూర్చోమని, సంగతి అడిగి, దరఖాస్తు నేనే వ్రాసిచ్చేవాణ్ణి. అది నా గొప్ప కాదు, నాన్నగారి బాకీ.

ఇప్పుడు రేషన్‌కు వేలిముద్ర వేయాలి. ముసలి వేళ్ల గీతలు అరిగిపోయి మిషను గుర్తుపట్టక తిరిగిపోయేవారు మన వీధుల్లోనే ఉన్నారు. మనకు తీరిక ఉంది, కచేరీ పని తెలుసు. అటువంటివారితో తోడుగా వెళ్దాం. ఎవరి ఇంట్లోనైనా ఆనాటి కంట్రోలు కార్డుగాని, చిల్లుకానీగాని ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురాగలరు. సెలవు.