పేరు లేని కటారి

కత్తి అనగానే మన ఆడవాళ్ళకు గుర్తొచ్చేది కత్తిపీట. యుద్ధాల కత్తుల సంగతి మగవాళ్ళకు వదిలేశాం. నేనూ అలా వదిలేసినదాన్నే, మొన్న చిల్లకల్లు వెళ్ళేదాకా.

చిల్లకల్లు అంటే హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద, జగ్గయ్యపేట పక్కనుండే మెట్ట ఊరు. మా చిన్నప్పటి కృష్ణా జిల్లా; 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. అక్కడ మా మేనత్త ఉంటుంది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలని మా బావ అటక మీది సామానంతా దింపించాడు. గంగాళాలు, బిందెలు, విరిగిన ఉయ్యాల బల్ల, వాటి మధ్య పాత చీరపేలికలో చుట్టిన కటారి.

కటారి అందరికీ తెలిసిన కత్తిలా ఉండదు. పిడి అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగించి పట్టుకుంటే చేతికి రెండు పక్కలా రెండు ఇనుప పట్టీలు, ముందు త్రికోణంలాంటి అలుగు. గుద్దు గుద్దినట్టు పొడవడానికి చేసిన ఆయుధమన్నమాట.

"ఇది వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు మా మామగారి ముత్తాతకు స్వయంగా ఇచ్చిందే, అమ్మాయ్" అంది అత్తయ్య, కళ్ళకద్దుకుంటూ.

నమ్మడానికి కష్టమేమీ లేదు. బేతవోలును పేటగా పెంచి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది ఆ జమీందారుగారే. పద్దెనిమిదో శతాబ్దం చివర ఈ చుట్టుపట్ల ఆయన మాటకు తిరుగులేదు. కానీ బావ పిలిపించిన పాత సామాన్ల వ్యాపారి కటారిని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"పేరేదండీ? ముద్రేదండీ? రాజుగారి పేరుంటే లక్షలు. లేకపోతే పాత ఇనుమే" అన్నాడు. కాఫీ తాగాక గొంతు తగ్గించి, "పేరుదేముంది లెండి, నేను చెక్కిస్తాగా!" అన్నాడు.

బావ కళ్ళు మెరిశాయి. అత్తయ్య నా వంక చూసింది. కథలు రాసేదానికి చరిత్ర కూడా తెలిసుంటుందని ఆవిడ నమ్మకం. వారం గడువడిగి హైదరాబాద్ వచ్చి, పుస్తకాలు తిరగేసి, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలో ఒక పూటంతా నిలబడ్డాను.

మొదట తెలిసిందేమిటంటే, పేరు లేకపోవడం లోపం కాదు. మన దేశపు పాత కత్తుల్లో ఎక్కువ వాటికి చేసినవాడి పేరుండదు. అలుగు సాగగొట్టేవాడొకడు, పదును పెట్టేవాడొకడు, పిడి అమర్చేవాడొకడు. ఎవరి పేరని వేస్తారు? ఐరోపాలో అలా కాదు. అక్కడ పనివాళ్ళ సంఘాలుండేవి, ముద్రలుండేవి. జర్మనీలో పస్సావు ఊరి కత్తుల మీద పరుగెత్తే తోడేలు బొమ్మ వేసేవారు. ఆ తోడేలుకు గిరాకీ పెరిగేసరికి పక్క ఊళ్ళవాళ్ళూ అదే బొమ్మ వేసుకున్నారు. పారశీక దేశపు అసదుల్లా పేరైతే ఆయన పుట్టని కాలపు కత్తుల మీద కూడా ఉందట! అంటే ముద్ర ఉన్నంత మాత్రాన నిజమూ కాదు, లేనంత మాత్రాన అబద్ధమూ కాదు.

మరి దేన్ని చూడాలి? వస్తువునే చూడాలి. కొత్తగా చేసి పాతదని అమ్మేవాళ్ళు ఉప్పునీళ్ళలోనో, ఆమ్లంలోనో ముంచి తుప్పు పట్టిస్తారు. ఆ తుప్పు ఎర్రగా, పైపైనే ఉంటుంది. ఏళ్ళు గడిచిన తుప్పు నల్లబడి, లోతుగా దిగి, గుంటలు పెడుతుంది. పిడి కమ్మీలు చెయ్యి తగిలేచోట అరగాలి, తగలనిచోట అరగకూడదు. దొంగ కటారి అన్నిచోట్లా ఒక్కలాగే అరిగి ఉంటుంది. యుద్ధానికి చేసిన చాలా కటారులకు మొన దగ్గర అలుగు బలిసి ఉంటుంది, ఇనుప గొలుసుల కవచం చీల్చడానికి. గోడకు తగిలించే అలంకారపు కటారికి ఆ బాధెందుకు?

ఇంకొకటి, ఉక్కు. మట్టిమూసలో ఇనుమూ కట్టెపేళ్ళూ ఆకులూ పెట్టి, మూత మెత్తి కరిగించే ఉక్కు మన దక్షిణాదిది. నిజామాబాద్ వైపు కోనసముద్రానికి పారశీక వర్తకులు వచ్చి మరీ ఆ ఉక్కు కొనుక్కుపోయేవారు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దీని మీద పియర్సన్ వ్యాసం చదివారు. తర్వాత ఫారడే అంతటివాడు దాని గుట్టు వెతికాడు. వాళ్ళు 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు' మాటనే అంటారు. ఆ ఉక్కుకు పులుపు తగిలితే నీటి అలల్లాంటి గీతలు పైకి తేలతాయి.

మళ్ళీ చిల్లకల్లు వెళ్ళాను. కిటికీ దగ్గర వెలుగులో కటారి చూశాను. తుప్పు నల్లటిది. కమ్మీలు సన్నగా అరిగాయి. మొన బలిసి ఉంది. అలుగంతా మొద్దుగా, నల్లగా ఉన్నా, మొన దగ్గర రెండంగుళాల మేర మాత్రం సన్నని అలలు! అక్కడే ఎందుకో నాకర్థం కాలేదు.

"అత్తయ్యా, ఈ కొస ఎవరైనా తోమారా?"

"ఎవరు తోముతారే! పెళ్ళిళ్ళలో నిమ్మకాయ గుచ్చేది అక్కడేగా" అంది.

అప్పుడు తెలిసింది. మన వైపు చాలా ఇళ్ళలో పెళ్ళికొడుకు చేతికి కటారి ఇస్తారు, కొసన నిమ్మకాయ గుచ్చి. ఈ ఇంట ఎన్ని తరాల పెళ్ళికొడుకులు పట్టుకున్నారో! ఆ నిమ్మపులుసే ఉక్కును తేల్చింది. తోడేలు ముద్రలాగా దీన్ని ఎవరూ కాపీ కొట్టలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి.

కానీ రాజుగారి సంగతి? అది చెప్పడానికే నాకు నోరు రాలేదు. "అత్తయ్యా, ఇది పాతదే, యుద్ధానికి చేసిందే, మంచి ఉక్కే. నాయుడుగారు ఇచ్చారనడానికి మాత్రం సాక్ష్యమేదీ కనపడలేదు" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అరవై ఏళ్ళుగా కోడళ్ళకు చెప్పుకుంటూ వచ్చిన కథ మరి.

ఆ సాయంత్రం జగ్గయ్యపేట వెళ్తే ధనబోడు గుర్తొచ్చింది. 1882లో బర్జెస్ దొర తవ్వించిన బౌద్ధ స్తూపం అక్కడిదే. దాని స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే శిల్పి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెక్కించుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మాట. స్తంభాలు నిలబెట్టించిన పనివాడి పేరు మిగిలింది. ఈ కటారి కొట్టిన కమ్మరి పేరు మిగల్లేదు. అతని పేరు లేని చోట రాజుగారి పేరు చెక్కడమంటే, అతన్ని రెండోసారి చెరిపేసినట్టు కాదూ? మీరే చెప్పండి.

ఇంటికొచ్చి ఇదే అంటే బావ, "లక్షలొచ్చేవి" అని గొణిగాడు. అత్తయ్య మాత్రం లేచి, కటారిని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"లేనిపోని పేరు మనకెందుకురా? దానికి పెళ్ళిళ్ళు చేసిన పేరుంది, చాలు" అంది.

వచ్చే మాఘంలో మనవడి పెళ్ళి. నిమ్మకాయలు తెచ్చే పని నాకు అప్పగించింది.