చెరకు దీవులలో చక్కెర వ్యాధి

పోయిన ఉగాదినాడు మన సంఘ భవనములో సామూహిక భోజనములు జరిగినప్పుడు బొబ్బట్ల వడ్డన మా వంతుకు వచ్చినది. పళ్లెము పట్టుకుని పంక్తి వెంట నడుస్తూ ఉంటే ఒక సంగతి మా కంటబడినది. యాభై దాటిన వారిలో ఇంచుమించు సగము మంది విస్తరికి చేయి అడ్డము పెట్టి, “వద్దు బాబూ, నాకు షుగరు” అన్నారు. మా చిన్నతనములో ఇదే పంక్తిలో కూర్చుని, “ఇంకొకటి వెయ్యవోయ్, నెయ్యేదీ?” అని గద్దించిన పెద్దలే వీరు.

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడగగానే మాకు ఆ పంక్తియే జ్ఞాపకము వచ్చినది. మేము చరిత్ర పండితులము కాము, వైద్యులము అంతకన్నా కాము. మెట్రిక్ ప్యాసై, ఖుర్దా రోడ్డులో రైల్వే గుమాస్తాగిరీ చేసుకునే వారము. అయినా ఒక ప్రశ్న మమ్ములను విడువలేదు. ఈ చక్కెర వ్యాధి, రక్తపు పోటు, గుండె జబ్బు ఎవరి ఇంటి గుట్టు వారిదేనా? లేక ఊళ్లు, రాజ్యములు కలిసి ఆలోచించవలసిన ప్రజా విషయమా? జవాబు వెదుకుతూ చదివినంతలో, మనకు ఎంతో దూరాన ఉన్న కరిబియను దీవుల చరిత్ర మా చేతికి చిక్కినది. దానిని పాఠకులతో పంచుకుంటాము.

జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, గ్రెనడా, సెంట్ లూసియా మొదలైనవి ఉత్తర, దక్షిణ అమెరికాల నడుమ సముద్రములో చల్లినట్లుండే దీవులు. దక్షిణ అమెరికా ఒడ్డున ఉన్న గయానా కూడ ఈ కుటుంబములోనిదే. 17వ శతాబ్దము నుండి ఐరోపా వారు అక్కడ చెరకు తోటలు వేసి, ఆఫ్రికా నుండి బానిసలను తెచ్చి చాకిరీ చేయించినారు. 1834లో బ్రిటిషు వారు బానిసత్వమును రద్దు చేయగా, 1838 నాటికి బానిసలకు పూర్తి విముక్తి కలిగినది. తోటలకు మనుషులు కావలసి వచ్చినారు. దొరల చూపు మన దేశముపై పడినది.

ఆ విధముగా ఒప్పందపు కూలీలను 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్, జమైకాలకు ఓడలలో తీసుకుపోవుట మొదలైనది. 1917లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పేలోపల గయానాకు సుమారు 2 లక్షల 39 వేల మంది, ట్రినిడాడ్‌కు సుమారు 1 లక్షా 44 వేల మంది వెళ్లినారు. వారిలో చాలామంది కలకత్తా రేవున ఓడ ఎక్కిన ఉత్తరాది వారు. మద్రాసు రేవున ఎక్కిన వారిలో తమిళులతోబాటు మన తెలుగువారు కూడ ఉన్నారు. అక్కడ వారందరికీ ‘మద్రాసీలు’ అనే ఒకే పేరు పడినది. పొట్ట చేతబట్టుకుని ఊరు విడిచిన వారి సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. మన తాతలు శ్రీకాకుళము, విజయనగరము వైపు నుండి రైలు కట్ట వెంట ఇటు వచ్చినారు. వారు సముద్రము దాటినారు. భేదము అంతే.

ఇక తిండి సంగతి. మంచి నేల అంతా చెరకు మింగివేయగా, తినే తిండి పరాయి దేశముల నుండి రావలసి వచ్చినది. గోధుమపిండి, ఉప్పు చేప ఓడలలో దిగేవి. లోకానికి తీపి పంచిన దీవులలో పసిపిల్లలు బలమైన తిండి లేక క్షీణించినారు. 1954లో జమైకాలోని విశ్వవిద్యాలయములో జాన్ వాటర్లో అనే వైద్యుని నాయకత్వములో ఒక పరిశోధన విభాగము వెలసినది. పోషణ లేని బిడ్డలను బ్రతికించుట దాని పని. 1967లో దీవులన్నిటికీ కలిపి ఒక ఆహార పోషణ సంస్థ కూడ ఏర్పడినది.

అయితే ఒక తరము తిరిగేసరికి కథ అడ్డము తిరిగినది. ఆకలి తగ్గినది; దాని స్థానములో తీపి పానీయములు, తెల్లపిండి, నూనె వేపుళ్లు, డబ్బా తిండి వచ్చినవి. పొలము పని పోయి కుర్చీ పని వచ్చినది. పోషణ లేని బిడ్డల కోసము కట్టిన ఆసుపత్రులలో మధుమేహము, రక్తపు పోటు, పక్షవాతము గల పెద్దలు నిండసాగినారు. బార్బడోస్‌లో మధుమేహము వలన పాదములు కోల్పోయేవారి సంఖ్య వైద్యులను కలవరపరచినది.

ఈ వాక్యము వ్రాస్తూ మేము కొంతసేపు కలము ఆపవలసి వచ్చినది. మా నాన్నగారు గూడ్సు గార్డుగా ముప్పై ఏళ్లు పనిచేసినారు. రాత్రి డ్యూటీలో నిద్ర ఆగుటకు ప్రతి స్టేషనులో చక్కెర దండిగా వేసిన టీ త్రాగేవారు. దాహము ఎక్కువైనా, బరువు తగ్గినా, “ఎండ దెబ్బ” అని కొట్టివేసినారు. కాలి పుండు మానకపోయినప్పుడుగాని మధుమేహమని తెలియలేదు. రెండు వ్రేళ్లు తీసివేసినారు. ఆ తరువాత ఆరా తీస్తే మా వరుసలోనే మరి నాలుగు ఇళ్లలో ఇదే వ్యాధి ఉన్నదని, ఎవరికి వారే దాచుకున్నారని తేలినది. ఒక్కరు ముందుగా నోరు విప్పి ఉంటే మిగిలినవారు జాగ్రత్త పడేవారు గదా!

దీవుల వారు నేర్చినది ఈ పాఠమే. సెంట్ కిట్స్-నెవిస్ అనే దేశపు జనాభా యాభై వేలకు అటూ ఇటూ. మన వైపు ఒక చిన్న పట్టణమంత. అంత చిన్న దేశము ఒంటరిగా పెద్ద పానీయాల కంపెనీతో ఏమి పోరాడగలదు? పొట్లము మీద ఉప్పెంత, చక్కెరెంత వ్రాయమని శాసిస్తే, “మీ దేశానికి సరుకే పంపము” అంటే ఏమి చేయగలదు? మా రైల్వేలో ఒక నియమము కలదు. ముందు స్టేషను లైను క్లియరు ఇవ్వనిదే వెనుక స్టేషను బండిని వదలరాదు. ఒక స్టేషను ఎంత క్రమముగా నడిచినా, పక్క స్టేషనుతో మాట కలియకపోతే బండి కదలదు. ఆ దీవుల స్థితి కూడ అదే.

కలియుట వారికి తేలికగా రాలేదు. 1958లో వెస్టిండీస్ సమాఖ్య అని ఏర్పరచుకున్నారు. జమైకా, ట్రినిడాడ్ విడిపోగా 1962లోనే అది కూలినది. అయినా ప్రయత్నము మానలేదు. 1973 జూలై 4న బార్బడోస్, గయానా, జమైకా, ట్రినిడాడ్-టొబాగో దేశములు సంధి పత్రముపై సంతకములు చేయగా ‘కారికామ్’ అనే కూటమి పుట్టినది. ఇప్పుడు దానిలో 15 పూర్తి సభ్యులు కలరు. 1975లో అంటువ్యాధుల పరిశీలనకు ఉమ్మడి కేంద్రము, 1984లో ఆరోగ్య సహకార ప్రణాళిక వచ్చినవి. 1986లో తూర్పు వైపు చిన్న దీవులు మందులను విడివిడిగా గాక ఒక్క గుత్తగా కొనుట మొదలుపెట్టినవి. పది ఇళ్లవారు కలిసి బస్తా బియ్యము కొంటే ధర దిగినట్లు, మందుల ధర దిగినది.

2001లో నాయకులు బహామాస్ దేశపు నస్సావులో సమావేశమై, ఈ ప్రాంతపు ఆరోగ్యమే ఈ ప్రాంతపు సంపద అని ప్రకటించినారు. తరువాత బార్బడోస్‌లో పుట్టిన వైద్యుడు, అమెరికా ఖండముల ఆరోగ్య సంస్థకు అధిపతిగా పనిచేసిన సర్ జార్జ్ ఆలీన్ అధ్యక్షతన ఒక విచారణ సంఘమును వేసినారు. 2005లో దాని నివేదిక వచ్చినది. ఈ దీర్ఘ వ్యాధులు మనుషులనే గాక దేశముల ఖజానాలను కూడ తినివేయునని అది లెక్క చూపినది.

అప్పుడు జరిగినది అసలు ఘట్టము. 2007 సెప్టెంబరు 15న ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ప్రభుత్వాధినేతలు సమావేశమైనారు. ఆతిథ్యమిచ్చినది ప్రధాని పాట్రిక్ మానింగ్. కూటమిలో ఆరోగ్య బాధ్యత వహించిన సెంట్ కిట్స్ ప్రధాని డెంజిల్ డగ్లస్ స్వయముగా వైద్యుడు. దేశాధినేతలు కేవలము ఈ దీర్ఘ వ్యాధుల కొరకే సమావేశమగుట లోకములో అదే మొదటిసారి. పదిహేను అంశముల ప్రకటన వెలువడినది. పొగాకుపై చట్టము, పన్ను. ఆ పన్ను సొమ్ములో కొంత వ్యాధి నివారణకు. బడులలో వ్యాయామము, మంచి భోజనము. హానికరమైన కొవ్వుల తొలగింపు. పొట్లములపై స్పష్టమైన చీటీలు. 2012 నాటికి రోగులలో నూటికి 80 మందికి సరియైన చికిత్స. ప్రతి సంవత్సరము సెప్టెంబరు రెండవ శనివారమును ఆరోగ్య దినముగా జరుపుకోవలెనని కూడ నిర్ణయించినారు.

గమనించండి. “తక్కువ తినండి, ఎక్కువ నడవండి” అని ప్రజలకు నీతులు చెప్పి ఊరుకోలేదు. ఆరోగ్య మంత్రితోబాటు ఆర్థిక, వ్యవసాయ, విద్యా, వాణిజ్య మంత్రులు కూడ కదలవలెనన్నారు. అంగడిలో, బడిలో, పొలములో మార్పు రానిదే పళ్లెములో మార్పు రాదని వారి భావము.

ఆ స్వరము అక్కడితో ఆగలేదు. 2009లో అదే నగరములో జరిగిన కామన్వెల్తు అధినేతల సమావేశము ఈ వ్యాధులపై ఐక్యరాజ్య సమితి సభ జరపవలెనని కోరినది. 2011 సెప్టెంబరులో న్యూయార్కులో ఆ సభ జరిగినది. అంతకు ముందు ఆరోగ్య విషయమై అటువంటి ఉన్నతస్థాయి సభ ఎయిడ్సుపై మాత్రమే జరిగినది. చిన్న దీవులు ఒక్క గొంతుతో అడిగితే లోకమంతా కూర్చుని వినవలసి వచ్చినది.

మరి అన్నీ నెరవేరినవా? లేదు. నిజము చెప్పుకొనుటయే చరిత్రకు మర్యాద. పొగాకు చట్టములు చాలా దేశములలో వచ్చినవి. ట్రినిడాడ్‌లో 2009లో చట్టము, జమైకాలో 2013లో బహిరంగ స్థలములలో పొగ నిషేధము వచ్చినవి. ఆరోగ్య దినము ఊరూరా జరుగుతున్నది. 2013 నుండి ఉమ్మడి ఆరోగ్య సంస్థ ఒకటి పనిచేస్తున్నది. బార్బడోస్ 2015లో తీపి పానీయములపై నూటికి 10 వంతున పన్ను వేసి, 2022లో దానిని 20 చేసినది. మొదటి పన్ను తరువాత ఆ పానీయముల అమ్మకము అంచనాకన్న నూటికి 4 పాళ్లు తగ్గినదని, సీసా నీళ్ల అమ్మకము పెరిగినదని పరిశోధకులు తేల్చినారు. 2017లో ట్రినిడాడ్, 2019లో జమైకా బడులలో తీపి పానీయములకు అడ్డుకట్ట వేసినవి.

కాని తిండి విషయములో మొత్తము మీద నడక నెమ్మదిగానే సాగినది. 2012 గడువు దాటినా చికిత్స మాట పూర్తిగా నెరవేరలేదు. పనివారు లేని చిన్న దేశములు వెనుకబడినవి. పొట్లముల మీద హెచ్చరిక గుర్తులు వేయు విషయములో వ్యాపారుల అభ్యంతరములతో ఏళ్లు గడచినవి. సంతకము ఒక రోజు పని. దానిని నిలబెట్టుట తరముల పని.

ఇప్పుడు మన పంక్తికి తిరిగి వద్దాము. 2023లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వే ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఒడిశాలో, కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో ఉన్న మన సంఘములు కూడ ఒక విధముగా దీవులే. చుట్టూ వేరే భాషల సముద్రము. నడుమ మన భాష, మన వంట, మన వ్యాధులు. పండుగకు శుభలేఖలు పంపుకుంటున్నాము, నాటకములకు పిలుచుకుంటున్నాము. ఆరోగ్య విషయమై ఒక కార్డు ముక్క అయినా పంపుకొంటున్నామా?

మా మనవి చిన్నది. ప్రతి సంఘము ఉగాదినాడు భోజనమునకు ముందు రక్తపు పోటు, చక్కెర పరీక్షలు జరిపించవలెను. పేర్లు లేకుండా లెక్క మాత్రము ఒకే తీరు కాగితముపై వ్రాసి, ఇతర సంఘములతో పంచుకోవలెను. సంఘ భవనములో పొగ త్రాగరాదని తీర్మానము చేయవలెను. పిల్లల పోటీలకు బహుమతిగా తీపి సీసాలు ఇచ్చుట మానవలెను. నాలుగు ఊళ్ల లెక్క ఒకచోట చేరిననాడు, బడి దగ్గర అంగళ్ల విషయమై గాని, ఆసుపత్రిలో మందుల విషయమై గాని అధికారులను అడుగుటకు మనకు నోరు వస్తుంది. ఒంటరి అర్జీకి, పది సంఘముల అర్జీకి తేడా గుమాస్తాలమైన మాకు బాగా తెలుసును!

బొబ్బట్టు మానమని మేము చెప్పబోము. ఉగాది పచ్చడిలో బెల్లమూ ఉన్నది, వేపపువ్వూ ఉన్నది. మన పెద్దలు దేనినీ ఒక్కదానినే గిన్నెడు పెట్టలేదు. ఈ ఏడు మా నాన్నగారు పంక్తిలో కూర్చుని అర బొబ్బట్టు తింటామన్నారు. మిగిలిన అర మా విస్తరిలో వేయమన్నారు. పక్కవారితో పంచుకుని తినుట మంచిదని ఆయన తీర్పు.