పండుగ వేట వేరు, తీగల వేట వేరు

తునికాకు కల్లాలు ఎత్తేశారు. ఇప్పపువ్వు ఏరడం అంతకుముందే అయిపోయింది. తొలకరి పడేలోగా విజ్జ పండుం, అంటే విత్తనాల పండుగ, చేసుకోవాలి. విత్తనం చేతపట్టే ముందు భూదేవికి చెప్పుకోవాలి, అడవికి పోయిరావాలి. ఆ పొద్దు గూడెం మధ్యన చింతచెట్టు కింద పటేల్, పూజారి, ఇంటికొక మగమనిషి చేరారు.

"ఎటు పోదాం?" అన్నాడు పటేల్.

"నిరుడు పడమటి గుట్టంతా తిరిగినం మామా. కుందేలు కూడా కనపళ్లే. ఈసారి వాగెంబడి పోదాం."

"వాగు దాటితే ఆంధ్రా. ఆ పక్క గార్డులు వేరే."

"మన తాతలు పోయిన దారే కదా?"

"తాతల కాలంలో దారికి బోర్డు లేదురా."

ఈ సంభాషణ ఒక్క గూడెంలో విని రాసుకున్నది కాదు. భద్రాచలం మన్యంలో కోయల పండుగ వేట నడిచే తీరునుబట్టి ఆ సాయంత్రాన్ని ఇక్కడ తిరిగి కూర్చాను. ఆచారం మాత్రం ఉన్నదే, అక్కడ కూర్చున్నవాళ్ల దిగులూ ఉన్నదే.

ఆ బోర్డు కథ పెద్దది. ఒకప్పుడు గోదావరికి ఈ ఒడ్డున పాల్వంచ తాలూకా నిజాం ఏలుబడిలో, ఆ ఒడ్డున భద్రాచలం తాలూకా మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం వచ్చి అందులో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లు అవతలి రాష్ట్రమయ్యాయి. 2016లో ఈ వైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఇన్నిసార్లు గీత మారినా గీతకు రెండు వైపులా ఉన్నది ఒకే చుట్టరికం. పిల్లనిచ్చిన ఇల్లు ఒక రాష్ట్రంలో ఉంటే తెచ్చుకున్న ఇల్లు మరో రాష్ట్రంలో ఉంటుంది.

చెట్టు కింద మాటలు సాగుతున్నాయి. ఎవరు పోవాలి, ఎవరు ఉండాలి అన్నది మొదట తేలాలి. ఇంట్లో చావు మైల ఉన్నవాడు ఆగిపోవాలి. ముసలివాళ్లు ఆగుతారు. మిగిలినవాళ్లు రెండు జట్లు: ఒక జట్టు డోలు కొట్టుకుంటూ, కేకలు వేస్తూ పొదల్లోంచి జంతువును తోలాలి, రెండోది విల్లంబులతో దారి కాయాలి. కుక్కలెన్ని, బరిసెలెన్ని లెక్క చూశారు. సొరబుర్రల్లో జావ పోసుకోవాలి. దొరికింది ఎంత చిన్నదైనా ఇంటింటికీ వాటా పడాలి. వేటకు రాలేని ఇంటికీ, మగదిక్కు లేని ఇంటికీ కూడా. ఈ పంపకం ముందే ఒప్పుకున్నాకే విల్లు దించుతారు.

"ఉత్త చేతులతో వస్తే మీ అక్కలు ఊరుకుంటారా?" అని పూజారి అంటే అందరూ నవ్వారు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లడం ఈ పండుగలో ఉన్నదే. మగవాళ్లు అడవిలో ఉన్న రోజుల్లో రోడ్డు ఆడవాళ్లది. తాడో కర్రో అడ్డం పెట్టి, రేల పాట ఎత్తుకుని, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ చందా అడుగుతారు. మే, జూన్ నెలల్లో చర్ల, దుమ్ముగూడెం, చింతూరు దారుల్లో ప్రయాణం చేసినవాళ్లు ఈ పాట వినే ఉంటారు. అప్పుడు విసుక్కోకండి, అది వాళ్ల సాగు ఏడాదికి మొదలు.

 

నవ్వులు ఆగాక ఒక కుర్రాడు లేచాడు. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) హాస్టల్లో చదివినవాడు.

"దాదా, దొరికితే జైలే. కేసు పడితే కోర్టు చుట్టూ తిరగలేక చస్తం."

ఆ మాట నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. మొదటి షెడ్యూలులోని జంతువును చంపితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు శిక్ష. 1977లో కిన్నెరసాని అభయారణ్యం అయింది. గోదావరికి దిగువన పాపికొండలు 2008లో జాతీయ వనం అయ్యాయి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు పోడు భూమికి పట్టా, తునికాకు, తేనె, వెదురు మీద హక్కు రాసిచ్చారు. అదే చట్టం మూడో సెక్షన్ సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే వేటను, ఉచ్చులు పెట్టడాన్ని పేరు పెట్టి మరీ మినహాయించింది.

నేను ఆ నిషేధాన్ని తప్పుపట్టను. మణుగూరు, ఇల్లెందు వైపు బొగ్గు గనులు అడవిని తిన్నాయి, రోడ్లు ముక్కలు చేశాయి. మిగిలిన దుప్పికి, కణితికి రక్షణ కావాలి. ఈ మధ్య ఏళ్లలో గోదావరి దాటి పెద్దపులి ఈ జిల్లా అడవుల్లోకి వస్తోందంటే తినడానికి దానికేదైనా ఉండాలి. కానీ ఏడాదికోసారి ఊరంతా కూర్చుని రోజు, దిక్కు, వాటా నిర్ణయించుకుని వెళ్లే జనాన్ని, రాత్రిపూట పొలం గట్టున కరెంటు తీగ పరిచి ఇంటికి పోయి పడుకునేవాణ్ని ఒకే తక్కెడలో తూచడం మాత్రం అన్యాయం.

తీగకు దుప్పి, పంది, ఆవు, మనిషి అందరూ ఒకటే. మోటారు వేయడానికి వెళ్లిన రైతు పోతాడు, మేత కోసం వెళ్లిన గేదె పోతుంది. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను అడవి పందుల కోసం పెట్టిన తీగ తగిలి చనిపోయాడు. ఆ తీగ పెట్టేవాడి వెనక కొనేవాడు ఉంటాడు. మాంసం పొట్లం అర్ధరాత్రి బైకు మీద పట్టణానికి చేరుతుంది. ఆదివారం విందులో "అడవి సరుకు" అని గొప్పగా వడ్డిస్తారు. గూడెం వేటలో అమ్మకం లేదు, తీగల వేటలో అమ్మకం తప్ప ఇంకేం లేదు.

చెట్టు కింద చివరికి పూజారే దారి చూపించాడు.

"అడవికి పోదాం. ఆకు తెద్దాం, దుంప తెద్దాం. ముత్యాలమ్మ ముందు కోడిని కోద్దాం. వేట నెత్తురే కానక్కర్లేదు, కోడి నెత్తురు కలిసిన విత్తనమూ మొలుస్తది."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. "మరి విల్లు?" అన్నాడో పెద్దాయన. "విల్లు పట్టుకునే పోదాం. గురిపెట్టి చెట్టుకు కొడదాం. పిల్లలకు పట్టుకోవడమన్నా రావాలె గదా," అన్నాడు పటేల్. ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు, మనసు చిన్నబుచ్చుకుని లేచినవాళ్లూ ఉన్నారు. ఇంటింటి నుంచీ దోసెడు విత్తనం తెచ్చి పూజారి ముందు కుప్పపోయాలని మాత్రం అందరూ ఒక్కమాట మీద నిలిచారు.

వాళ్లంతట వాళ్లు అంత దూరం వచ్చినప్పుడు ప్రభుత్వం ఒక అడుగు ముందుకేయాలి. ప్రతి ఏడాదీ మే నెలకు ముందే రేంజి అధికారులు, ఐటీడీఏ, గూడెం పెద్దలు ఒకచోట కూర్చోవాలి. పండుగ రోజులేవో, ఏ దారిన పోతారో, విల్లు విషయంలో ఏది ఫర్వాలేదో ముందే మాట్లాడుకోవాలి. రెండు రాష్ట్రాల సిబ్బందీ ఆ సమావేశంలో ఉండాలి. పండుగనాడు కాపు కాసే గార్డుల్లో సగంమందిని మిగతా రాత్రుళ్లు తీగల కోసం తిప్పితే అడవికీ మనుషులకూ ఎక్కువ మేలు.

పట్టణాల్లో ఉన్న మనం చేయాల్సింది ఒకటుంది. అడవి మాంసం ఎవరు తెచ్చినా, ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. పొలం గట్టునో అడవి అంచునో అనుమానంగా తీగ కనిపిస్తే ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేసి కరెంటు వాళ్లకు చెప్పండి.